మా కంప్యూటర్‌కు జేజి లేని లోటు

ఇప్పుడంటే ప్రతి అరచేతిలోనూ ఒక కంప్యూటర్ వెలుగుతోంది గానీ, మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చిన కాలంలో అది కొత్తల్లుడి కంటే ఎక్కువ మర్యాదలు అందుకునేది. దానికి అమ్మ పూలగుడ్డతో గలేబు కుట్టింది. చెప్పులు విప్పి దాని దగ్గరికి పోయేవాళ్ళం. దసరాకు తక్కెడతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టాం. (బొట్టు స్క్రీను మీద పెట్టాలా, కింద ఉండే పెట్టెకు పెట్టాలా అని ఆ పండగ పూట మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. చివరికి రెండింటికీ పెట్టి, మౌసుకు మాత్రం ఒక పువ్వుతో సరిపెట్టాం.) ఇంత మర్యాదగా చూసుకున్న కంప్యూటర్‌కు లోకంలో ఉండే రోగాలన్నీ ఎలా వచ్చాయని తలుచుకుంటే, ఒంటరిగా కూర్చున్నా నాకు నవ్వు ఆగదు. ఆ మర్యాద వల్లే వచ్చాయి మరి! అది అర్థం కావాలంటే ముందు మా నాన్న అంగడి సంగతి చెప్పాలి.

పత్తికొండలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక పరదా. పరదాకు ఇవతల గద్దె మీద నాన్న కూర్చునేవాడు. అవతల నడిమింట్లో నులకమంచం మీద మా జేజి, అంటే నాన్న వాళ్ళమ్మ, వక్కాకు నములుతూ కూర్చునేది. మా అంగడికి తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. గద్దె మీద కూర్చున్న మనిషి నోటి వెంట 'లేదు' అనే మాట రాకూడదు. బెల్లం అయిపోతే "బెల్లం నిండుకున్నాదప్పా, పొద్దున్నే వస్తాది, ఈలోపల చక్కెర తీసుకుపో" అనాలి. రాత్రి అంగడి మూయకూడదు, 'కట్టెయ్యాలి'. దీపం ఆర్పకూడదు, 'కొండెక్కించాలి'. లక్ష్మి కూర్చునే చోటు నుంచి లేదు, వద్దు, పో అనే మాటలు వస్తే ఆమె అలిగి పక్కంగడికి పోతుందట. చిన్నప్పుడొకసారి నేను గద్దె ఎక్కి కూర్చుని, అగరబత్తీలు అడిగిన ఒకామెతో టక్కున "లేవు" అనేశాను. జేజి పరదా తోసుకుని వచ్చి తొడపాశం పెట్టింది. ఆ చోటు ఇప్పటికీ నాకు గుర్తే.

మరి ఊరన్నాక అడగరానివి అడిగేవాళ్ళు ఉంటారు కదా. ఒకాయన స్కూటరు ఒక పూట ఇమ్మంటాడు. ఇంకొకాయన కొడుకు పెళ్ళికి మా అంగడి ముందర పందిరి వేసుకుంటానంటాడు. నాన్న ఎవరి మొహం మీదా కాదనేవాడు కాదు. నిండుగా నవ్వి, "దానికేం అప్పా! లోపల అమ్మను అడిగొస్తా, ఉండు" అని పరదా తీసుకుని ఇంట్లోకి పోయేవాడు. కాసేపటికి మీసాలు తుడుచుకుంటూ వచ్చి, "మా యమ్మ ఒప్పుకోల్యా. పెద్దామె, ఏం జేద్దాం జెప్పు?" అని వాళ్ళకంటే ఎక్కువగా బాధపడేవాడు. అడిగినవాళ్ళే నాన్నను ఓదార్చి పోయేవాళ్ళు. ఇలా ఊళ్ళో నాన్నకు ధర్మప్రభువని, జేజికి గయ్యాళని పేరు స్థిరపడిపోయింది. అన్నం తినని పిల్లలను "అంగడి ముసలామెను పిలుస్తా" అని బెదిరించేవాళ్ళట. ఇంట్లో చూస్తే జేజి నాకు జడలు వేస్తూ, బొరుగుల మూట దగ్గర చేతివాటం చూపించే మామూలు మనిషే. అయినా పరదా అవతల నాన్నతో ఏ గొంతుతో మాట్లాడేదో ఏమో అనుకునేదాన్ని. ఎందుకంటే నాన్న లోపలికి పోయిన ప్రతిసారీ గద్దె చూసుకునేది నేనే. నాకు వినబడేది కాదు.

కంప్యూటర్ నా కోసమే వచ్చింది. డిగ్రీ అయ్యాక రోజూ బస్సెక్కి కర్నూలుకు పోయి కంప్యూటర్ కోర్సు చదువుతుండేదాన్ని. ఇంట్లో ఒకటుంటేనే చేయి తిరుగుతుందని అమ్మ పోరితే నాన్న కొన్నాడు. కొన్నాక దానిని పరదా పక్కనే బల్ల మీద పెట్టించాడు, ఇల్లు అనుకుంటే ఇల్లు, అంగడి అనుకుంటే అంగడి. నేను కర్నూల్లో ఉన్నంతసేపూ అది నాన్న చేతిలో ఉండేది. ఇంటర్ దాకా చదివిన మనిషి, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. బయటి ఊళ్ళ మార్కెట్లలో టమోటా ధర చూసి బెంచీ మీద కూర్చున్న రైతులకు చెప్పడంతో మొదలుపెట్టి, నెల తిరిగేసరికి మౌసును తక్కెడ పట్టినంత నేర్పుగా పట్టడం నేర్చుకున్నాడు.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ మొదలయ్యాయి. ముందు మౌసు బాణం వెనక రంగురంగుల సీతాకోకచిలుకలు ఎగరసాగాయి. అందరికీ ముచ్చటేసింది. తర్వాత ఏ పేజీ తెరిచినా పైన పట్టీలు, ఆ పట్టీల కింద ఇంకో పట్టీ. చివరికి అసలు పేజీ అడుగున చారెడంత మిగిలింది. ఒక మూల గడియారం గంతులేసేది. ఇంకో మూల వాతావరణం చూపించే పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. అందులో కనబడేది ఎక్కడో సముద్రాల అవతల పేరు పలకరాని చలి దేశపు ఊరు. అక్కడ రోజూ వానే! మా బెంచీ మీది రైతులకు అది ప్రాణమైపోయింది. టమోటా గంపలు దించి, చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఈ పొద్దు ఆ యూర్లో పడతాండాదా?" అని అడిగేవాళ్ళు. "శానా పడతాండాది" అనేవాడు నాన్న. "ఎవురు జేసుకున్న పున్నెమో" అని నిట్టూర్చి బీడీ వెలిగించేవాళ్ళు. చినుకు కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన మా సీమలో, ఎవరి ఊళ్ళోదో వాన కళ్ళారా చూడటం కూడా ఒక సుఖమే కదా. ఇంతలో కంప్యూటర్ మాత్రం రోజురోజుకూ మొద్దుబారింది. ఉదయం ఆన్ చేస్తే, జేజి స్నానం చేసి దేవుడికి దీపం పెట్టేదాకా తెల్లమొహం వేసుకుని ఉండేది.

సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం తలుపు తట్టింది. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్ళు. కోర్సులో భాగంగా కొన్నాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకున్న నన్ను చూసి ఆయన ముచ్చటపడి, "సోమవారం నుంచి నా దగ్గర పనికి వచ్చెయ్ బేటీ. ఆదివారం సాయంత్రానికల్లా ఖబర్ చెయ్యి. లేదంటే ఇంకో పిల్లోణ్ణి తీస్కోవల్ల. పని ఆగదు గదా" అన్నాడు. బస్సులో ఇంటికి వస్తూ నేను కిటికీ లోంచి బయటికి చూడనే లేదు. నా కళ్ళ ముందు విప్పి పెట్టిన కంప్యూటర్లే. నాకు ఆ పని కావాలి. ఆ సోల్డరింగు పొగ వాసన, చచ్చిన యంత్రం బీప్ అని లేచినప్పుడు ఒళ్ళు ఝల్లుమనడం, అవన్నీ నాకు కావాలి. ఇంట్లో అడుగు పెట్టగానే నాన్నతో చెప్పేశాను. నాన్న నిండుగా నవ్వాడు. "దానికేం పాపా! జేజిని అడిగి చెప్తాలే" అన్నాడు.

మరునాడు అడిగితే, "అడగతా ఉండా." ఆ మరునాడు, "జేజికి మోకాళ్ళ నొప్పులు, ఈ పొద్దు అడిగే యాళ గాదు." నేరుగా జేజిని అడగచ్చు కదా అంటారేమో. ఊరంతా హడలే మనిషిని అడగడానికి నాకు తొడపాశం అడ్డం వచ్చింది. శుక్రవారం మాత్రం వదల్లేదు. నాన్న పరదా తీసుకుని లోపలికి పోయి, మీసాలు తుడుచుకుంటూ వచ్చాడు. "జేజి ఏమంటాండాదంటే, ఇంట్లో ఉండేదే బాగు జేయల్యాకపోతే, కర్నూల్లో ఎవురివో ఏం బాగుజేస్తాదీ అంటాండాది. ఆ మాటలోనూ న్యాయం ఉండాది గదా పాపా? ముందు మన కంప్యూటర్ సరిజెయ్యి. సూద్దాం." నాకు రోషం పొడుచుకొచ్చింది. ఇంతేనా! రెండు రోజుల్లో దాని రోగాలను నిర్వంశం చేస్తానని ప్రతిజ్ఞ చేసి, ఆ పూట నుంచి జేజితో మాట్లాడటం మానేశాను. (నాకు అజీర్తి చేసిందనుకుని జేజి వాముకషాయం కాచి ఇచ్చింది. పంతం కొద్దీ అదీ తాగలేదు.)

శనివారం పొద్దున భాయ్ ఇచ్చిన సీడీ పట్టుకుని రంగంలోకి దిగాను. మా పాప కంప్యూటర్‌కు వైద్యం చేస్తోందని నాన్నే వీధంతా చాటినట్టున్నాడు, బెంచీ నిండిపోయింది. ముందువరసలో మండీ మామ. మాకు చుట్టం కాదు గానీ పక్కనే టమోటా మండీలో వేలం పాడే మనిషి కాబట్టి వీధికంతా మామే. సీడీలోని ప్రోగ్రాము లోపలి ఫైళ్ళన్నీ గాలిస్తూ, దొరికిన పురుగుల లెక్క ఎర్రటి అంకెల్లో చూపిస్తుంటే, మామకు తన పాట గుర్తొచ్చింది. అంకె మారినప్పుడల్లా "ఎక్కిందప్పా, మళ్ళీ ఎక్కింది! ఇంకెవురన్నా ఉండారా?" అని అరుస్తాడు. బెంచీ మీది వాళ్ళు చప్పట్లు. ఏ ఇంట్లోనూ ఇన్ని పురుగులు ఉండవని మామ తేల్చేసరికి నాన్న మొహం గర్వంతో వెలిగిపోయింది. "వాటిల్లో కొన్ని స్పైవేర్లు నాన్నా. అంటే మనింట్లో చేరి, మనం ఏం చేస్తున్నామో దొంగతనంగా చూసి బయటికి చేరవేసేవి" అన్నాను గంభీరంగా. పరదా సందులోంచి జేజి గొంతు వినబడింది. "మనింట్లో ఏముండాదని సూసేకి? పొద్దున సంగటి, మాపు సంగటి. సూసి సూసి వాడే ఇసిగిపోతాడు పో."

మధ్యాహ్నానికి పట్టీలు ఊడాయి, గడియారం పోయింది, సీతాకోకచిలుకలు ఎగిరిపోయాయి. ఆన్ చేయగానే కంప్యూటర్ గుక్క తిప్పుకోకుండా లేచి నిలబడింది. నాన్న నా తల మీద చేయి పెట్టి, "సెబాష్ పాపా!" అన్నాడు. అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి బెంచీకంతా పంచింది. జేజి ఎండుమిరపకాయలూ ఉప్పూ కంప్యూటర్ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది, అందరం తుమ్మి తుమ్మి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాం. ఒక్క రైతులు మాత్రం మొహాలు వేలాడేశారు. "అంతా బాగుండాది గానీ పాపా, మా వానూరును ఏంటికి తీసేస్తివి?" అని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు. అదీ ఒక పురుగేనని చెబితే, "పురుగైతేనేం, వాన పడతాండె గదా" అన్నాడు. నేను అవేవీ పట్టించుకునే స్థితిలో లేను. సోమవారం వేసుకోవలసిన చుడీదారుకు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం ఉదయం గలేబు తీసి ఆన్ చేశాను. సీతాకోకచిలుకలు! గడియారం గంతులేస్తోంది. పైన పట్టీలు, పట్టీల మీద పట్టీలు, పాతవాటికి తోడు చుట్టపుచూపుగా వచ్చిన కొత్తవి. అప్పుడే గంపలు దించి వచ్చిన రైతులు, "వాన మళ్ళీ వచ్చిందిలే పాపా!" అని సంబరంగా బెంచీ మీద సర్దుకున్నారు. నాన్న వచ్చి నా వెనక నిలబడి, "అయ్యో, పాపం" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉంది, ఇంకేదో కూడా ఉంది, అది ఏమిటో ఆ నిమిషంలో నాకు తట్టలేదు. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ సీడీ పెట్టాను. మళ్ళీ శుభ్రం చేశాను. భోజనం చేసి వచ్చి చూద్దును కదా, మళ్ళీ చిలుకలు! ఏడుపొక్కటే తక్కువ. భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన అంతా విని నవ్వాడు. "సీడీ మంచిదే బేటీ. అవి వాటంతట అవి రావు. అవి అడుగుతాయి, ఎవరో ఒకరు 'యస్' కొడతారు. మీ ఇంట్లో ఎవరో యస్ కొడతాండారు చూస్కో. సాయంత్రం ఖబర్ మర్చిపోవద్దు."

ముందు మండీ మామను అనుమానించాను. కానీ ఆయన కంప్యూటర్‌ను ముట్టుకుంటే షాక్ కొడుతుందని నమ్మే మనిషి. మూడోసారి శుభ్రం చేసి, నిద్రపోతున్నానని చెప్పి, పరదా వెనక చెనక్కాయల మూట మీద మాటు వేసి కూర్చున్నాను. అంగట్లో ఎండపూట సద్దుమణిగింది. నాన్న గద్దె మీంచి వంగి కంప్యూటర్ వైపు తిరిగాడు. ఏదో పేజీ తెరిచాడు. వెంటనే టింగుమని ఒక చిన్న పెట్టె లేచింది. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని, పెదవులు కదుపుతూ దానిని పూర్తిగా చదివాడు. "కంప్యూటర్ నిదానంగా ఉండాదా, వేగం పెంచమంటావా? పెంచప్పా, దానికేం" అన్నాడు దానితో. గిరాకీతో మాట్లాడేటప్పుడు పెట్టే నవ్వుమొహమే! యస్ కొట్టాడు. ఇంకొకటి లేచింది. "నేను అదృష్టవంతుణ్ణా? సంతోషమప్పా, కూర్చో." యస్. మరొకటి. "సీతాకోకచిలకలు మళ్ళీ కావల్లనా? పిల్లోళ్ళు సూసి మురుస్తారు, ఉండనీలే." యస్. పక్కన పొట్లం కోసం నిలబడి ఉన్న ఒకామె కూడా "ఎవురో శానా మంది వస్తాండారే" అంది మెచ్చుకోలుగా. నేను పరదా చించినంత పని చేసి బయటికి దూకాను.

"నాన్నా! పక్కనే 'నో' అని ఉంది కదా! అది కొట్టొచ్చు కదా!" అని అరిచాను. నాన్న ఉలిక్కిపడి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా మాట్లాడు. వానికి తెలీకుండానా అది ఆడ పెట్టినాడు? ఉండాది, నేనూ సూసినా. కానీ అంగడి ముందరకొచ్చి అంత మర్యాదగా అడిగినోని మొగం మీద నో అని ఎట్ల కొట్టేది పాపా? గద్దె మీద కూర్చోని?" సరే, నో కొట్టకపోతే మాయె, మూలన గుణకారం గుర్తు ఉంది, అది నొక్కితే మూసుకుపోతుంది అన్నాను. 'మూసుకుపోవడం' అనే మాట వినగానే నాన్న నా నోటి వైపు భయంగా చూశాడు. నాకు తొడ చురుక్కుమంది. వాడు మనిషి కాదు నాన్నా, దొంగ ప్రోగ్రాము అంటే, "దొంగ అని మొగాన రాసుకోల్యా గదా" అన్నాడు. కోపం రావలసిన చోట నాకు నీరసం వచ్చింది. మర్యాదకు మందు ఏ సీడీలో ఉంటుంది? చివరికి ఓపిక లేక, "స్కూటరు అడిగినోళ్ళకు చెప్పినట్లు చెప్పకూడదా?" అన్నాను. నాన్న అమాయకంగా చేతులు విప్పాడు. "ఎట్ల చెప్పేది? లోపల అమ్మను అడగాలంటే, ఈ పెట్టెకు లోపల అమ్మ యాడుండాది?"

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. నాన్న చెప్పింది నిజం. మా కంప్యూటర్‌కు ఉన్న జబ్బల్లా అదే, పరదా వెనక జేజి లేదు! కోర్సులో చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు మనుషుల పేర్లతో రెండు ఖాతాలు పెట్టుకోవచ్చు. ఒకటి మామూలు ఖాతా, అందులో వాడుకోవడమే తప్ప కొత్తవాటిని లోపలికి చేర్చుకునే అధికారం ఉండదు. రెండోది పెత్తనం చేసే ఖాతా. మామూలు ఖాతాలో ఎవరు యస్ కొట్టినా, పెద్దవాళ్ళ పాస్‌వర్డ్ కావాలని అడుగుతుంది. గబగబా నాలుగోసారి శుభ్రం చేసి, నాన్నకు మామూలు ఖాతా ఇచ్చాను. పెత్తనపు ఖాతాకు 'జేజి' అని పేరు పెట్టాను. ఇక పాస్‌వర్డ్ కావాలి. నేను పెడితే నాన్న నన్ను బతిమాలి కనుక్కుంటాడు. ఊళ్ళో ఎవరికీ లొంగని మనిషి ఒక్కతే ఉంది. పంతం పక్కన పెట్టి నడిమింట్లోకి పోయాను.

"జేజీ, ఒక మాట చెప్పు. అడిగినోళ్ళందరినీ పొమ్మనేకి" అన్నాను. జేజి వక్కాకు బుగ్గన పెట్టుకుని, "నేనెవుర్ని పొమ్మంటినే?" అంది. నాకు కడుపులో ఉన్నదంతా తన్నుకొచ్చింది. "ఎవుర్నా? ఊర్లో అందర్నీ! నన్ను కూడా! కర్నూలు పనికి పోతానంటే వద్దంటివి గదా, కంప్యూటర్ బాగుచేస్తేనే అంటివి గదా!" జేజి నమలడం ఆపింది. "నిన్ను వద్దంటినా? నన్నెవురడిగినారే?" "నాన్న అడగల్యా? ఇన్నిసార్లు లోపలికి వచ్చె గదా!" "వస్తాడు. కుండలో నీళ్ళు ముంచుకుంటాడు. తాగుతాడు. మీసాలు తుడుసుకోని పోతాడు. ఆ గద్దె ఎక్కినప్పటి నుంచీ ఇదే పని వానిది. నీళ్ళు తాగేకి వస్తాండాడనుకుంటి గానీ, నా పేరు జెప్పి పోతాండాడని నాకేం దెలుసు? అందుకేనా గుళ్ళో నన్ను సూస్తే ఆడోళ్ళు పక్కకు జరిగేది!" జేజి మంచం దిగింది. మోకాళ్ళ నొప్పుల జాడే లేదు. పరదా తోసుకుని అంగట్లోకి పోయి, గద్దె ముందు నడుం మీద చేయి పెట్టి నిలబడింది. వెనక నేను, నా వెనక పిండి చేతులతో అమ్మ.

నాన్న మా ముగ్గురినీ చూశాడు. నవ్వబోయి, అది సగంలోనే ఆగిపోయింది. "లోపల అమ్మను అడిగొస్తా" అనడానికి ఇక లోపల ఎవరూ లేరు, అందరూ బయటే ఉన్నారు. గద్దె మీంచి దిగాడు. (అది నేను తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాను. కూతురికి చెప్పవలసిన మాట అంగడి మాట కాదని కాబోలు, దిగి కింద నిలబడ్డాడు.) "వద్దు అని నీకు నా నోటితో చెప్పల్యాను పాపా. పుట్టినప్పటి నుంచీ ఏ పొద్దూ చెప్పల్యా. సరే అంటే నువ్వు పోతావు, ఇది కోర్సు మాదిరి కొన్నాళ్ళకు అయిపోయేది గాదు. నేను నీళ్ళు తాగేకి పోతే గద్దె మీద ఎవురుంటారు?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అన్ని రోజులూ నాన్న నన్ను ఆపుతున్నాడని కోపం పెంచుకున్నాను గానీ, ఆపలేక నీళ్ళు తాగుతున్నాడని తెలియదు. ఆ ఎండాకాలంలో పాపం ఎన్ని నీళ్ళు తాగాడో! "సాయంత్రానికల్లా వచ్చేస్తా గదా నాన్నా. వచ్చినాక నేనే కూర్చుంటా, నువ్వు కడవ నిండా తాగు" అన్నాను. జేజి కొడుకు వైపు ఒక చూపు చూసి, "పోనీరా. నా పేరు సెప్పి ఊరందర్నీ పొమ్మంటివి. ఈ ఒక్కదాన్ని నా పేరు సెప్పి పోయిరమ్మను" అంది. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోయిరా పాపా" అన్నాడు. భాయ్‌కి ఖబర్ నేను చేయలేదు, నాన్నే చేశాడు. "మా పాప వస్తాదప్పా. మంచి పనిమంతురాలు, మా యింట్లో దాన్ని నాలుగుసార్లు బాగుజేసింది" అని గొప్పగా చెప్పాడు.

పాస్‌వర్డ్‌గా జేజి 'లేదుపో' అని ఇచ్చింది. పరదా లోపలి మాట కాబట్టి దోషం లేదట. ఆ తర్వాత మా అంగట్లో సుఖశాంతులు వెల్లివిరిశాయి. పెట్టె లేస్తుంది, నాన్న నవ్వుమొహంతో యస్ కొడతాడు, జేజి పాస్‌వర్డ్ కావాలని కంప్యూటర్ అడుగుతుంది. "మా యమ్మ ఒప్పుకోవల్లనప్పా, పెద్దామె" అని నాన్న స్క్రీనుకు నిజాయితీగా సర్దిచెబుతాడు. వానూరు మళ్ళీ పోగొట్టుకున్న రైతుల ముచ్చట తీర్చాలని, పత్తికొండ వాతావరణం చూపించే మంచి పెట్టె ఒకటి పెట్టాను. అందులో ఎప్పుడు చూసినా భగభగమండే సూర్యుడే. "ఇది సూసేకి కంప్యూటర్ ఏంటికమ్మా, బయట సూస్తే సాలదా?" అని వాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. చివరికి వెతికి వెతికి, పురుగులేమీ లేని చోటు నుంచి ఆ వానూరినే మళ్ళీ తెచ్చిపెట్టాను.

ఇప్పుడు కల్లూరులోనే నాకు సొంత షాపుంది. నాన్న ఇంకా గద్దె మీదే కూర్చుంటాడు. చేతిలో ఫోను, ఆ ఫోనులో ఏ పేజీ తెరిచినా 'కుకీలన్నీ అంగీకరిస్తారా' అని అడుగుతుంది, ఆయన అందరికీ సంతోషంగా అంగీకరిస్తాడు. జేజి గురించి, గద్దె మీద అనకూడని ఆ రెండక్షరాల మాట రాయడానికి మాత్రం నాకు చేయి రాదు. శ్రీశైలం మల్లన్న దగ్గరికి పోయిందని మా ఇంట్లో అనుకుంటాం. నేను బాగుచేసి ఇచ్చే ప్రతి ఇంటి కంప్యూటర్‌లోనూ పెత్తనపు ఖాతాకు జేజి అనే పేరు పెడతాను. ఎందుకని ఎవరైనా అడిగితే, అది మా షాపు పద్ధతని చెబుతాను.

మొన్న మా అమ్మాయి నా ముందు వచ్చి నిలబడింది. ఫోటోలు తీయడం నేర్పే కోర్సు ఏదో పక్క రాష్ట్రంలో ఉందట, హాస్టల్లో ఉండి చదువుకుంటుందట. కళ్ళు వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు ఒక బస్సులో కిటికీ బయటికి చూడకుండా కూర్చున్నది నేనే. నిండుగా నవ్వి, "దానికేం పాపా! లోపల మీ నాన్నను అడిగొస్తా" అన్నాను. వంటింట్లోకి పోయాను. సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగాను. మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి అది గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

"నాన్న ఊర్లో లేడు గదమ్మా" అంది. "లోపల ఎవర్ని అడిగినావు?"